కాలి పాపం

"మళ్ళీ పద్నాలుగే!"

పక్క సీట్లోంచి భర్త అరిచిన అరుపుకు ఆవిడ ఉలిక్కిపడింది. బండి ఇంకా పెట్రోలు బంకు దాటనే లేదు.

"లీటరుకి పద్నాలుగు! నేను నడిపినన్నాళ్ళూ ఇరవై రెండుకి తగ్గిందా? బండి అదే, పెట్రోలూ అదే. మారిందల్లా నడిపే మనిషి. అంతా నీ కాలి పాపం!"

"నా కాలేం చేసిందండీ? ఎంత నొక్కినా ఇది కదలనంటోంది. ఎవరో వెనక్కి పట్టుకుని లాగుతున్నట్టుంటుంది."

"నీకు వంకలకేం తక్కువ!"

ఆవిడ పళ్ళు బిగించి బండిని రోడ్డెక్కించింది. అది పాత హైబ్రిడ్ కారు. ఎందరి చేతుల్లోనో నలిగి చివరికి వీళ్ళ గుమ్మం ముందుకు చేరింది. మెల్లగా వెళ్తున్నంతసేపూ ఇంజను పడుకుంటుంది, బ్యాటరీయే లాగేస్తుంది. ఆ సుగుణం చూసే కొన్నారు. ఈమధ్య ఆ ఇంజను కునుకు తీయడమే మానేసింది.

ఆవిడది ఫిజియోథెరపీ. ఇంటింటికీ వెళ్ళి, మంచాన పడ్డవాళ్ళ కాళ్ళూ చేతులూ ఆడిస్తుంది. ఆయనకు భుజం పట్టేసి స్టీరింగు తిప్పలేకపోవడంతో బండి ఆవిడ చేతికొచ్చింది. ఊరందరి భుజాలూ బాగుచేసే మనిషికి సొంత మొగుడు మాత్రం భుజం అప్పజెప్పడు. "నీకేం తెలుసు" అంటాడు. పోనీ బండైనా అప్పజెప్పాడా అంటే, అదీ లేదు. సెలవు పెట్టి మరీ పక్కన కూర్చుంటాడు. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా "చూసుకో, చూసుకో" అని ప్రాణం తీస్తాడు. ఆవిణ్ణి ఒక్కరోజు ఒంటరిగా పంపిన పాపాన పోలేదు.

ఆవిడ చేయని ప్రయత్నం లేదు. టైర్లకు గాలి సరిచూయించింది. ఎయిర్ ఫిల్టరు మార్పించింది. వెనక సీటు పక్కన బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను ఒకటుంది. దాని నిండా దుమ్ము పట్టి ఉంటే, తనే ముక్కుకు గుడ్డ కట్టుకుని బ్రష్షుతో దులిపింది. బ్యాటరీని పరీక్ష చేయిస్తే నిక్షేపంలా ఉందన్నారు. అయినా పద్నాలుగే.

"ఆదివారం బండి చూడటానికి వస్తున్నారు. అమ్మేస్తున్నా," అన్నాడాయన.

"మరి నా పేషెంట్లో?"

"మానెయ్. నువ్వు వెళ్ళకపోతే వాళ్ళు లేవరా ఏంటి?"

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేవరు. నిజంగానే లేవరు. పక్షవాతం వచ్చిన టీచరమ్మ నిన్ననే గోడ పట్టుకుని నిలబడింది. ఇప్పుడు వదిలేస్తే ఆ మనిషి మళ్ళీ మంచానికి అంటుకుపోతుంది. ఆవిడ బండిని మెకానిక్ షెడ్డుకి తిప్పింది.

మెకానిక్ చక్రాలు విప్పాడు. బ్రేకు ప్యాడ్లు కాగితాల్లా అరిగిపోయి ఉన్నాయి.

"ఈ రకం బండ్లలో ప్యాడ్లు ఏళ్ళతరబడి వస్తాయి సార్. సగం బ్రేకు పని మోటారే చేస్తుంది. పోనీ ఎక్కడైనా పట్టేస్తోందా అంటే, చక్రాలు హాయిగా తిరుగుతున్నాయి. ఇది తొక్కుడే." అంటూ ఆవిడ చెప్పుల వంక చూశాడు. "మేడమ్ గారు బ్రేకు మీద కాలు పెట్టుకుని నడుపుతున్నట్టున్నారు."

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటోంది అదేగా!" భర్త మొహం వెలిగిపోయింది.

ఇద్దరూ కలిసి ఆవిడ కాళ్ళను దొంగల్ని చూసినట్టు చూశారు. ఆవిడకు చిర్రెత్తుకొచ్చింది.

"బ్రేకు వేస్తే వెనక ఎర్రలైటు వెలుగుతుందిగా? మీరు స్కూటరు మీద నా వెనకే రండి. నేనెన్నిసార్లు తొక్కుతానో మీ కళ్ళతో మీరే చూడండి."

కొత్త ప్యాడ్లు వేసి, మెకానిక్ స్కూటరెక్కాడు. భర్త యథాప్రకారం పక్క సీట్లో బిగుసుకు కూర్చున్నాడు. రోడ్డు దాదాపు ఖాళీ. ఆవిడ ఎడమకాలు వెనక్కి లాక్కుంది. కుడికాలు యాక్సిలరేటరు మీంచి కదపలేదు. ఎక్కడో దూరాన ఉన్న లారీని చూసి కూడా ఆయన "చూసుకో! చూసుకో!" అని గొంతు చించుకున్నాడు. ఆవిడ వినిపించుకోలేదు.

కాస్త దూరం వెళ్ళాక వెనక స్కూటరు హారను మోగింది. ఆవిడ బండిని రోడ్డు వారకు తీసి ఆపింది.

"ఒకసారా, రెండుసార్లా మేడమ్! షెడ్డు దగ్గర్నుంచి ఇక్కడిదాకా ఎర్రలైటు ఆరితే ఒట్టు!" అన్నాడు మెకానిక్.

"విన్నావా? ఇంక నోరెత్తకు. ఆదివారం బండి పోతుంది," అని భర్త కూర్చున్న చోటునుంచే తీర్పు చెప్పేశాడు.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది ఏడుపు కాదు, ఒళ్ళుమంట. ఇంజను ఆపకుండానే బండిని పార్కింగు గేరులో పెట్టింది. కిందికి దిగి, అద్దాలు అదిరేలా తలుపు వేసింది.

"ఇవిగో నా కాళ్ళు! రెండూ రోడ్డు మీదే ఉన్నాయి. చూసుకోండి బాగా!"

అప్పుడే ఒక లారీ హారను కొడుతూ పక్కనుంచి దూసుకుపోయింది. కార్లోంచి "చూసుకో!" అని భర్త కేక వినబడింది.

మెకానిక్ కారు వైపు తిరిగి చూశాడు. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. వెనక ఎర్రలైటు మాత్రం భగ్గున వెలుగుతోంది.

ఆవిడ చరచరా అవతలి వైపుకి వెళ్ళి తలుపు లాగి చూస్తే, డ్రైవింగు స్కూలు వాళ్ళు అమ్మేటప్పుడు పీకడం మరిచిపోయిన రెండో బ్రేకును, కాలు ఆనించుకునే పీట అనుకుని, ఆయనగారు రెండు కాళ్ళతో ఇంకా తొక్కిపెట్టే ఉన్నారు.