ఉన్నదల్లా ప్రశాంతత

“ఐదు దాటితే ఇంకేటీ సెయ్యలేం నాన్నా!” శ్రావణి గొంతులో ఏడుపు.

నర్సింగు సీటు కోసం తనకు కావలసిన కాలేజీల పేర్లు ఆ సాయంత్రం ఐదులోపు ఫోన్లో పెట్టాలి. మొదటి విడతలో సీటు తప్పిపోయింది. ఇదే ఆఖరు విడత. ఓటీపీ వచ్చేది తండ్రి శివాజీ ఫోనుకే. ఆ ఫోను పెట్టెలో ఉంది. పెట్టె మేనేజరు తిరుమలరావు జీపులో ఉంది. జీపు పొద్దున్నే పాతపట్నం వెళ్లిపోయింది.

ఉషకు మొగుడి మీద ఒళ్లు మండిపోయింది.

“అడగడమే తరువాయి, ఫోన్లన్నీ తీసి ఆడి సేతిలో ఎట్టీసినావు. బండి తాళాలు కూడానా! నీకు బుర్రున్నాదా బావా?”

“ఆదివారం దాకా ఫోన్లుండవని సంతకం ఎట్టినాం కదే. సరదాగా ఉంటాది, ఒప్పుకో బావా అని నా పేనం తీసింది నువ్వు కాదేటి?”

అన్నది తనే మరి.

వాళ్లున్న రిసార్టు గేటు మీద బోర్డు ఉంది: ‘కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఉన్నదల్లా ప్రశాంతత.’ ఆ ప్రశాంతత ఏపాటిదో మధ్యాహ్నానికే తెలిసొచ్చింది. పెంకుటిల్లు ఉడికిపోతోంది. పైన ఫ్యాను ఉండాల్సిన చోట ఖాళీ కొక్కెం. మిక్సీకి అలవాటు పడ్డ ఉష చేతులు తిరగలి తిప్పి బొబ్బలెక్కాయి. చేత్తో తిప్పితే ఫొటోలు బాగా వస్తాయమ్మా అని తిరుమలరావు మరీ మరీ చెప్పి వెళ్లాడు. ఫొటోలు తగలెయ్యా! ప్యాంటు తప్ప ఎరగని శివాజీ, వాళ్లిచ్చిన పంచె జారిపోకుండా పట్టుకోలేక చస్తున్నాడు.

“నడిసి రోడ్డెక్కీద్దుమా? అక్కడ సిగ్నలుంటాది,” అంది ఉష.

“ఎక్కి ఏటి సేస్తావు? ఫోను ఆడి దగ్గరున్నాది.”

నాలుగైంది. నాలుగున్నరైంది. శ్రావణి ఏడవడం కూడా మానేసి గుమ్మంలో కూలబడింది.

ఐదుకి పావుగంట ఉందనగా జీపు హారన్ వినబడింది. ఉష చెప్పులైనా వేసుకోకుండా గేటు దాకా పరుగెత్తింది.

“బాబూ, పది నిమిషాలు ఫోనియ్యండి, రోడ్డు కాడికెల్లి వచ్చేస్తాం. నా పిల్ల బతుకు బాబూ!”

“రూలంటే రూలమ్మా. సంతకం పెట్టి అడ్వాన్సు తీసుకునేటప్పుడు చదువుకోలేదా? ముందా కళ్లు తుడుచుకోండి.” తిరుమలరావు గొంతు తగ్గించి కసిరాడు.

ఆమెను పక్కకు జరిపి, జీపు వెనకే వచ్చి ఆగిన కారులోంచి దిగుతున్న విశాఖపట్నం దంపతులకు చేతులు జోడించి అన్నాడు: “ఈ ఇల్లు తాతల నాటి నుంచీ వీళ్లదే సార్, ఫోనంటే ఏమిటో కూడా తెలీని అమాయకులు, ఈ రెండ్రోజులూ మీరూ వీళ్లలాగే హాయిగా బతకండి.”