తనిఖీకి పది మేకలు

"మేకలు చూపిస్తేనే మేకల అప్పు ఇస్తారమ్మా," అన్నాడు గుమాస్తా, ఫారం వెనక్కి తోస్తూ.

ఆమె దాన్ని మళ్ళీ ముందుకు తోసింది. "మేకలే ఉంటే అప్పుకెందుకొస్తాను?"

"నన్నడిగితే ఏం చెప్పను? పెంచగలరని నమ్మకం కుదరాలి. షెడ్డుండాలి, షెడ్డులో పది మేకలుండాలి. అధికారి వచ్చి కళ్ళారా చూడాలి. అప్పుడు పది మేకలు కొనుక్కోడానికి సగం గ్రాంటు, సగం అప్పు."

"ఆ పదీ ఉంటే ఈ పదీ ఎందుకు?"

"రోజుకు నలుగురొస్తారు. నలుగురూ ఇదే అడుగుతారు," అన్నాడతను, జాలిగానే.

షెడ్డు ఉంది. భర్త మొదలుపెట్టాడు, ఆమె పూర్తి చేసింది. మొదటి దరఖాస్తు కూడా ఆయన పేరు మీదే పెట్టారు. ఆయన పోయిన నెలకు, ఆఫీసుకు స్వయంగా ఎందుకు హాజరు కాలేదో వారంలోగా తెలపమని ఉత్తరం వచ్చింది. ఆమె జవాబు రాసింది. మరణ ధ్రువపత్రం జతచేసింది. తన పేరుతో మళ్ళీ ఒకటో పేజీ నుంచి మొదలుపెట్టింది.

ఈ ఏడాది గ్రాంటుకు గడువు శుక్రవారం. అది దాటితే షెడ్డు కట్టిన కౌలు స్థలం చేతిలో నిలవదు. యజమాని అప్పుడే ఎవరినో తీసుకొచ్చి, షెడ్డుతో సహా చూపిస్తున్నాడు.

గుమాస్తా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అద్దెకు దొరుకుతాయి."

"ఏమిటి?"

"మేకలు. పొద్దున మనిషి తోలుకొచ్చి దింపుతాడు. సాయంత్రం ఐదింటికి తలుపు తీస్తే చాలు, ఇంటికి అవే పోతాయి. అలవాటైన మేకలు. అద్దె ముందే ఇవ్వాలి. ఒక్కటి తగ్గినా ఖరీదు కట్టాలి."

"ఎవరివి?"

"మీకు మేకలు కావాలా, వాటి వంశవృక్షం కావాలా? ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. మా అధికారి మహా గట్టివాడు. అద్దె మేకలని తేలిందా, మీ పేరు ఇక ఏ ఆఫీసులోనూ చెల్లదు."

గురువారం పొద్దున్నే పది మేకలు దిగాయి. ఆడపడుచు వాటి చుట్టూ తిరిగి చూసింది.

"వదినా, ఇవి మనకంటే బాగా తిన్నట్టున్నాయి."

"నోరు మూసుకుని నీళ్ళు పెట్టు."

మేకలు నీళ్ళు తాగాయి గానీ ఆమె వేసిన ఎండుగడ్డి వాసన చూసి మొహం తిప్పుకున్నాయి. ఆమె పిలిచినా పలకలేదు. పదీ గోడవైపు తిరిగి నిలబడ్డాయి, ఆఫీసులో మన వంతు వచ్చేసరికి గుమాస్తాలు నిలబడినట్టు.

పదకొండింటికి అధికారి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు, మొహాన నవ్వన్నది లేదు. ఆయన లోపల కాలు పెట్టాడో లేదో మేకలన్నీ ఇటు తిరిగి అరుస్తూ ఎదురువెళ్ళాయి. తెల్ల చెవుల మేక ఒకటి ఆయన జేబులో మూతి పెట్టింది.

"మనుషులకు బాగానే మాలిమి చేశారు," అన్నాడాయన, మూతి పక్కకు నెడుతూ.

"కన్నబిడ్డల్లా చూసుకుంటాం సార్," అంది ఆడపడుచు.

"కన్నబిడ్డలకి ఎండుగడ్డి పెడతారా? ఇవి ముట్టవు. లేతాకు వెయ్యాలి."

ఆమె తల వంచుకుంది. ఆయన వంగి, నల్లమేక కాలెత్తి గిట్టలో వేలు పెట్టి చూశాడు.

"రాయి గుచ్చుకుంది. ఇంతదూరం ఎవరు నడిపించారు దీన్ని?"

ఆమె గబుక్కున తలెత్తింది. "ఎక్కడికీ నడపలేదు సార్. ఇక్కడే పుట్టింది."

"ఎప్పుడు?"

"వేసవిలో."

పళ్ళు చూడ్డానికి ఆయన మేక నోరు తెరవనైనా తెరవలేదు. "దీనికి నాలుగేళ్ళు. మీ షెడ్డుకి నిండా ఏడాది లేదు."

భర్త షెడ్డు గోడకు కొలత పెట్టి గీసిన పెన్సిలు గీత ఆమెకు ఎదురుగా కనబడుతోంది. అది చూస్తూ నిలబడింది. శుక్రవారం వచ్చేస్తోంది. అబద్ధం ఇంకోటి చెప్పడానికి నోరు రాలేదు.

ఆడపడుచే అందుకుంది. "షెడ్డు లేనప్పుడు ఇక్కడే చెట్టు కింద పుట్టింది సార్. మేకకేం తెలుస్తుంది, ముందు షెడ్డు కట్టాలని?"

అధికారి ఫైలు తెరిచాడు. కలం మూత తీశాడు. మళ్ళీ పెట్టాడు. నల్లమేక గిట్టలోంచి రాయి తీసి విసిరేసి, చెయ్యి కడుక్కుని, అప్పుడు మళ్ళీ కలం తీశాడు.

"మేకలు బాగున్నాయి. వాటి మీద మీకే శ్రద్ధ చాలదు," అన్నాడు సంతకం పెడుతూ. "రూలు ప్రకారం ఇవ్వకూడదు. ఆడవాళ్ళు కదా అని ఇస్తున్నాను. రేపటికల్లా ఫైలు కదులుతుంది. అన్నట్టు, ఎండెక్కింది, మళ్ళీ నీళ్ళు పెట్టండి."

ఆయన వెళ్ళాక ఆమె గోడకు ఆనుకుని కూలబడింది.

"ఎంత గట్టివాడే," అంది చివరికి. "కాలు చూసి దూరం చెప్పాడు. అయినా వదిలేశాడు. మనసున్న మనిషి."

"ఎంత తెలివైనవాడైనా మేక చెప్పదు కదా వదినా, తను ఎవరిదో," అంది ఆడపడుచు.

సరిగ్గా ఐదింటికి ఆమె తలుపు తీసింది. మేకలు వరస కట్టి బయలుదేరాయి. ఒక్కటి తప్పిపోయినా ఖరీదు కట్టాలి గనక ఆమె చెప్పులేసుకుని వెనకే నడిచింది.

రెండు మైళ్ళు నడిచి, పక్కూళ్ళో మూడో మలుపులో మేకలు ఒక పెద్ద గేటు ముందు ఆగి ఒక్కసారిగా అరిచాయి. బనీనుతో బయటికొచ్చి, ఒక్కోదాని తల తట్టి పదీ సరిపోయాయో లేదో లెక్కపెట్టుకుంటూ లోపలికి తోలుకున్నాడు తనిఖీ అధికారి.