చేతులూపని నడక

"మిషన్ నాలుగంటాండాది, గడియారం ఒకటిన్నర అంటాండాది. ఇప్పుడు నేను దేన్ని నమ్మాల నాయనా?"

మోహన రెండు చేతులూ నడుముకు పెట్టుకుని అడిగింది. అప్పుడే ట్రెడ్‌మిల్ దిగిన దొరస్వామి చెమట కారుతున్నా తలగుడ్డ విప్పలేదు. దాని కొసతోనే మెడ తుడుచుకున్నాడు.

పందెం మోహన పెట్టిందే. ఆరు నెలల కిందట గుండెకు స్టెంటు వేసినప్పుడు, లేచి తిరిగితే కొండకు నడిచి వస్తానని దొరస్వామి మొక్కుకున్నాడు. నడవొచ్చని డాక్టరు చెప్పినా, నర్సు పని చేసే కూతురు ఒప్పుకోలేదు. గంటలో నాలుగు కిలోమీటర్లు ఆయాసం లేకుండా నడిచి చూపిస్తే శనివారం అందరం అలిపిరి మెట్ల దారిన పోదాం, లేదంటే నువ్వు బస్సులో రా అంది. లెక్క చెప్పాల్సింది తను కొనిచ్చిన, అడుగులు లెక్కపెట్టే చేతి గడియారమే అని కూడా అంది.

"నమ్మితే నన్ను నమ్ము పాపా."

"నిన్ను నమ్మే, ఆ రోజు ఎదనొప్పిని గ్యాసంటే ఊరుకున్నా."

దొరస్వామి తల దించుకుని గడియారం పట్టీ సర్దుకున్నాడు.

జిమ్ము నడిపే భానుచందర్ మధ్యలోకి వచ్చాడు. "అక్కా, మిషన్ కొత్తది. పెద్దాయన యాడా ఆగలేదు. నేను ఈన్నే ఉండా గదా."

"మీ మిషన్‌కు జనం రావాల తమ్ముడూ, అందుకే నాలుగు చూపిస్తాది. ఈ గడియారానికి ఎవురితోనూ పనిలేదు." మోహన ఫోన్ తీసి అతని ముఖం ముందు పెట్టింది. "ఇదిగో, నిన్నటి లెక్క చూడు. నేను డ్యూటీకి పోయి వచ్చేదాకా పదకొండు వందల అడుగులు. పొద్దస్తమానం టీవీ ముందర కూర్చునేది, తెల్లారినాక పిక్కలు పట్టుకోని మూలిగేది. ఈయన కొండెక్కుతాడంట!"

"మూలగలేదు. తైలం రాసుకున్నా."

"రాసుకో. ఇంగ ఆ తలగుడ్డొకటి. నిన్న సాయంత్రం నించి విప్పిందే లేదు."

"ఏసీ గాలి నాకు పడదు."

దొరస్వామి వెళ్ళి గోడవారగా ఉన్న బల్ల మీద కూర్చున్నాడు. గడియారం వంక చూస్తూ, ముఖం మీద ఈగను తోలినట్టు చెయ్యి అటూ ఇటూ ఆడించాడు. ఆపి చూశాడు. మళ్ళీ ఆడించాడు. మోహన భానుచందర్‌తో ఇంకా వాదిస్తూనే ఉంది.

"పాపా, ఈడికి రా. నేను కూర్చోని ఉండానా, నిలబడి ఉండానా?"

"కూర్చోని ఉండావు."

"ఇది నన్ను నడిపిస్తా ఉండాది సూడు."

మోహన వంగి చూసింది. ఇందాకటి కంటే డెబ్బై అడుగులు పెరిగాయి.

భానుచందర్ పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే ఉన్నట్టుండి తల మీద కొట్టుకున్నాడు. "అక్కా, ఇదీ సంగతి! ముందర కడ్డీ పట్టుకో పెద్దాయనా అంటే, నేనేమన్నా ముసిలోడినా అని చేతులు ఎనక్కి కట్టుకున్న్యాడు. గంటసేపూ అట్నే నడిచినాడు. చెయ్యి ఊగకపోతే అది యాడ లెక్క పెడతాది?"

దొరస్వామి నడకే అంత. కాణిపాకం పక్కన చెరకు తోటల గట్ల మీద నలభై ఏళ్ళు చేతులు వీపు వెనక కట్టుకుని తిరిగినవాడు. నీళ్ళు ఎక్కడ తెగాయో, గట్టును ఎండ్రకాయ ఎక్కడ తొలిచిందో కళ్ళతో వెతుక్కుంటూ పోయే మనిషికి చేతులు ఊపే పనేముంది?

"నడిచేది కాళ్ళు. కట్టేది చేతికి," అంటూ గడియారం విప్పి, వంగి కుడికాలి మడమ పైన చుట్టాడు. పట్టీ చివరి చిల్లుకు గాని అందలేదు. లేచి మళ్ళీ ట్రెడ్‌మిల్ ఎక్కాడు. చేతులు వెనక్కి వెళ్ళాయి.

"ఇప్పుడే గదా గంట నడిచినావు! వద్దు నాయనా."

"ఎయ్యప్పా," అన్నాడు భానుచందర్‌తో.

పది నిమిషాలు. పట్టా గిర్రున తిరిగింది. బరువులెత్తే కుర్రాళ్ళు ఇద్దరు వాటిని దించి దగ్గరికి వచ్చారు. దొరస్వామి ఎవరి వంకా చూడలేదు. తోట గట్టు చివర ఏదో కనిపిస్తున్నట్టు ఎదురు గోడ వైపే చూస్తూ నడిచాడు.

మిషన్ ఆగింది. సున్నా పాయింట్ ఏడు. మోహన నేల మీద కూర్చుని తండ్రి కాలి దగ్గర చూసింది. సున్నా పాయింట్ ఏడు.

ఆమె లేచి నాడి పట్టుకుంది. తన వాచీ చూసుకుంటూ నిమిషం నిండా లెక్కపెట్టింది. నిలకడగా కొట్టుకుంటోంది. ఆయన ఊపిరి కూడా మామూలుగానే ఉంది.

"ఈయన మా నాయన," అంది ఆ కుర్రాళ్ళతో, వాళ్ళేమీ అడగకపోయినా.

"తెలుస్తానే ఉండాది లేక్కా," అన్నాడు ఒకడు. "మొండితనం ఇద్దరిదీ ఒకటే."

మోహనకు నవ్వొచ్చింది. "సరే నాయనా, గెలిచినావు. శనివారం అందరం అలిపిరి నించి నడిచే పోదాం. నీ మొక్కు తీర్చుకుందువు గాని."

"పోదాం. మీకు తోడుగా నేనూ ఎక్కుతా." దొరస్వామి కాలికున్న గడియారం విప్పి కూతురి చేతిలో పెట్టాడు. "నిన్న పదకొండు వందలు సూపించింది గూడా ఇదే గదా?"

"ఇదే. అయితే?"

దొరస్వామి తలగుడ్డ విప్పాడు. నున్నటి గుండుకు, కొండ మీద పూసిన చందనం ఇంకా అక్కడక్కడా అంటుకుని ఉంది.