వదిన పెట్టిన పేరు

బట్టల దుకాణం యజమాని కొట్టిన మొదటి దెబ్బకే వెబ్‌సైట్లు నడిపే మనిషి కుర్చీలోంచి కింద పడ్డాడు. యజమాని తమ్ముడు అతన్ని లేపి, చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

"నీతో తెగతెంపులు చేసుకుని వేరే కంపెనీకి మారాం. మా వెబ్‌సైటు పేరు ఇంకా నీ గుప్పిట్లో ఎందుకుంది?" అన్నాడు యజమాని.

"ఆ పేరు పెట్టిందీ, నమోదు చేయించిందీ మీ ఆవిడండీ. హక్కు ఆవిడదే."

"కొట్టు నాది. పేరూ నాదే."

యజమాని అతని జుట్టు పట్టుకుని తలను బల్లకేసి కొట్టాడు. పెదవి చిట్లి, కీబోర్డు మీద రక్తం కారింది.

"ఇస్తావా, చస్తావా?"

"ఇందాకటి దాకా ఇద్దామనే ఉన్నానండీ," అన్నాడతను రొప్పుతూ. "ఇల్లు వదిలి వెళ్లేముందు ఆవిడ ఇక్కడికొచ్చారు. మా ఆయన వచ్చి మర్యాదగా అడిగితే పేరు ఇచ్చేసి నాకు ఫోన్ చెయ్యండి, నేనూ ఇంటికి తిరిగొచ్చేస్తాను అన్నారు. చెయ్యి చేసుకుంటే మాత్రం ఇవ్వొద్దన్నారు. అప్పుడు ఆవిడ చేతికి కట్టు ఉంది."

యజమాని మళ్లీ పిడికిలి ఎత్తాడు. ఆ దెబ్బ పడలేదు. తమ్ముడు ఆ మనిషిని వదిలేసి, అన్న మణికట్టు పట్టుకున్నాడు.

"వదిన మెట్ల మీంచి జారిపడిందన్నావు కదన్నయ్యా?"

అన్న చెయ్యి విడిపించుకోబోయాడు. తమ్ముడు పట్టు వదల్లేదు. ఆ మనిషి వైపు తిరిగి, మెల్లగా అన్నాడు.

"మీరు వదినకి ఫోన్ చెయ్యండి. రావొద్దని చెప్పండి."