గుర్రపాయనకు జ్వరం

రాజావారి రోజుల్లో తర్లగూడ అంగడి పక్కన వెంకటనారాయణ సినిమా డేరా వేశాడు. నెల గడిచాక ఒక అంగడి నాడు కొత్త బొమ్మ పెట్టె గోదారి దాటి వచ్చింది. "వింత బొమ్మ! చేపకు కాళ్లు మొలిచి జమీందారు మీసం పీకే బొమ్మ!" అని గొంతు పోయేలా అరిచి జనాన్ని కూర్చోబెట్టాడు.

చేప నడిచింది. మీసం పీకింది. ఒక్కరూ నవ్వలేదు. వెనక వరుస లేచి నిలబడి ఏదో అరిచింది.

వెంకటనారాయణ బొమ్మ మిషను పిడి తిప్పడం ఆపేశాడు. అవి మాటల్లేని బొమ్మలు. తెర పక్కన నిలబడి అక్కడి జనం మాట దోర్లీలో కథ చెప్పే మనిషి పేరు లక్కే.

"ఏంది లక్కే, ఏమంటున్నరు?"

"గుర్రపాయన ఏడని అడుగుతున్నరు, సేటూ."

"నెల నుంచి ఆ ఒక్క బొమ్మే గదా ఆడిస్తున్న! మొహం మొత్తలేదా?"

"బొమ్మ ఒక్కటే. కథ నేను వారం వారం పెంచుకుంట పోయిన. పోయిన వారం ఆయనకు జ్వరమొచ్చింది."

"జ్వరమేంది? ఆఖర్ల గుర్రమెక్కి దుమ్ము లేపుకుంట పోతడు గదా!"

"వేర్లు నూరి ఇచ్చే వడ్డె దగ్గరికే, మందుకు."

అంతలో ముందు వరుసలోని, తెలుగు వచ్చిన ముసలమ్మ కొంగుముడి విప్పి, వేరుముక్క ఒకటి తెర కింద పెట్టింది.

"బొమ్మకు మందేంది అవ్వా?" అన్నాడు వెంకటనారాయణ.

"బొమ్మని నాకు తెల్వదా? పానం బాగలేని మనిషిని నడుమ వదిలేసి చేపను చూడమంటవా?"

వెంకటనారాయణ పాత రీలు ఎక్కించాడు. ఆ బొమ్మంతా అతనికి కంఠతా వచ్చు. అయినా పిడి మీద చెయ్యి వేసి ఆగాడు.

"లక్కే, బతుకుతడా?"

"తిప్పు సేటూ, చూద్దం. నాకూ ఇంకా తెల్వదు."