చేతి చలవ

“హల్వా ముట్టుకోనైనా లేదేంరా?” గట్టు మీద పొట్లం చూసి అడిగాడు అనంతపద్మనాభం.

సుల్తాన్ మట్టి కోర్టులో చెరిగిపోయిన సున్నం గీతల వంకే చూస్తూ కూర్చున్నాడు.

“మన దాసు వాళ్ళమ్మ మంగాయమ్మ నీ కోసమని మాడుగుల నుంచి తెప్పించిందట.”

“మీరు తినీండి సార్.”

కాలేజీ ఆటల మాస్టారు అనంతపద్మనాభానికి ఒళ్ళు మండింది. కొత్త జట్టు కట్టడానికి నెల్లాళ్ళుగా ఆయన గడపగడపకీ తిరుగుతున్నాడు. సోమవారంలోగా జట్టు నిండకపోతే బాస్కెట్‌బాల్ స్తంభాలు పీకించేస్తానని ప్రిన్సిపాల్ భీష్మించుకు కూర్చున్నాడు.

ఇదంతా అనకాపల్లి జట్టుతో ఆడిన ఫైనల్ తెచ్చిన తంటా. ఒక్క పాయింటు వెనకబడి ఉండగా, ఆఖర్న సుల్తాన్‌కి, ఎవరూ అడ్డం రాకుండా విసిరే రెండు ఫ్రీత్రోలు దొరికాయి. కళ్ళు మూసుకుని విసిరినా బుట్టలో వేసే కుర్రాడు. అవతలి కెప్టెన్ కామేశం దగ్గరికొచ్చి చెవిలో ఏదో అన్నాడు. చోడవరం బళ్ళో ఇద్దరిదీ ఒకే బెంచీ. సరదాకి ఏడిపిస్తున్నాడనుకున్నాడు మాస్టారు. రెండు బంతులూ రింగుకైనా తగలకుండా పోయాయి.

ఊరు ఊరంతా సుల్తాన్ మీద దుమ్మెత్తిపోసింది. సగం జట్టు ఆటే మానేసింది. గెలిచిన అనకాపల్లి కుర్రాళ్ళు జయపురం పోటీలకి బయల్దేరారు. అక్కడికి రైల్వే సెలెక్టర్లు వస్తారని ఆశ. దారిలో, ఘాట్ రోడ్డు మీద వ్యాను లోయలో పడింది. కామేశంతో సహా ఒక్కడూ మిగల్లేదు.

ఆ మర్నాటి నుంచి తిట్టిన నోళ్ళే దీవించడం మొదలెట్టాయి. సుల్తాన్‌తో కలిసి ఆడిన దాసు తల్లి మంగాయమ్మయితే, నడివీధిలో అతని చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

“నీ సేతి సలవే బాబూ! ఆ రోజు నువ్వు గెలిపించుంటే నా గుంటడు ఆ లోయలో ఉండీవోడు. నువ్వాడితేనే ఆడిని మళ్ళీ పంపుతాను.”

మిగతా తల్లులదీ అదే మాట.

“చూడరా,” మాస్టారు పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు. “నువ్వు ఊఁ అంటే సాయంత్రానికి జట్టు నిండుతుంది. లేదంటే ఈ ఊళ్ళో ఇంక ఆట లేనట్టే.”

“నాకొద్దు సార్.”

“ఓడించేనని ఇంకా కుమిలిపోతన్నావా? చెయ్యి వణకడం ఎవరికైనా ఉన్నదే.”

“నా సెయ్యి వణకలేదు సార్.”

మాస్టారు అతని వైపు తిరిగాడు. “మరి? కామేశం ఏటన్నాడు? బెదిరించేడా?”

సుల్తాన్ అడ్డంగా తలూపాడు. హల్వా పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టాడు. కళ్ళ నిండా నీళ్ళు.

“నాకు రైల్వేలో ఉద్యోగం వస్తాది, ఈ మేచ్ ఒగ్గేయరా అని బతిమాలేడు సార్, ఒగ్గేసేను.”