గంగన్న పడవకి వేసిన మాటు

"ఆ మాటు పదిమంది ఎదుట ఊడదీయాలి. వాడి పనితనం ఏపాటిదో ఊరంతా చూడాలి" అంది నాంచారమ్మ.

బందరు నుంచి వచ్చిన మెకానిక్ హనోకు తల ఊపి, బోర్లించిన అల్యూమినియం పడవ పక్కన పనిముట్ల సంచి దించాడు. నాంచారమ్మ మరిది చిన్నబాబు ఎవర్నీ పిలవలేదు. అయినా రేవులో ఉన్న జనమంతా చుట్టూ మూగారు. ఊళ్ళో తగువు చూడ్డానికి తీరిక లేనివాడెవడు?

ఆ పడవకి మొదటి చిల్లు పడింది వేసవిలో. నాగాయలంక పాయలో ఏదో మోడు గుచ్చుకుంది. నాంచారమ్మ మొగుడు గంగన్న దాన్ని ఒడ్డుకి లాక్కొచ్చి, పడవలు బాగుచేసే అబ్బులుకి అప్పగించాడు. అబ్బులు పరాయివాడేం కాదు. రెండిళ్ళ అవతలి మనిషి. ఆమెని నోరారా వదినా అని పిలిచేవాడు. చిల్లు అంచులు నున్నగా రాసి, కొత్త రేకు కత్తిరించి, చుట్టూ లప్పం పెట్టి అంటించాడు. భోజనం చేసొచ్చి రివెట్లు బిగించాడు. నాంచారమ్మ మాత్రం పొద్దుటి నుంచి అక్కణ్ణుంచి కదల్లేదు. మొగుడి ప్రాణం మోసే పడవ మరి. పనయ్యాక బిందెలతో నీళ్ళు పోసి చూస్తే చుక్క కారలేదు.

వానలు వెనకపట్టకముందే ఆ మాటు దగ్గరే పడవకి మళ్ళీ చిల్లు పడింది. అదీ కృష్ణ సముద్రంలో కలిసే చోట. గంగన్నకి ఈత రాక కాదు, కాళ్ళకి వల చుట్టుకుంది. పడవ ఆ రోజే దొరికింది. మనిషి దొరికేసరికి ముఖం గుర్తుపట్టేలా లేదు.

నాంచారమ్మ జుట్టు విరబోసుకుని అబ్బులు గుమ్మం ముందు దుమ్మెత్తి పోసింది.

"నా పసుపుకుంకాలు తుడిచేశావు కదరా! నీ చేతులు పడిపోనూ!"

"గంగమ్మ మీద ఒట్టు వదినా, పనిలో నేనేం లోటు చెయ్యలేదు. మాటు విప్పించి చూడండి."

ఎవరు వింటారు? మైలలో పడవ ముట్టుకోకూడదన్నారు పెద్దలు. మైల తీరేలోపే అబ్బులు బతుకు బజారున పడింది. తెడ్డు విరిగినా అతనికి చూపించినవాడు లేడు. అతని కూతుర్ని బళ్ళో పిల్లలు 'మనిషిని ముంచినోడి కూతురు' అన్నారు. చివరికి సామాను ఆటోలో వేసుకుని గుడివాడ వెళ్ళిపోయాడు. అక్కడ ఏదో షెడ్డులో ఇనప గేట్లు అతుకుతున్నాడట. వెళ్ళేముందు చెప్పి వెళ్దామని వస్తే నాంచారమ్మ మొహాన తలుపు వేసింది. ఆమె కసి ఇంకా తీరలేదు.

ఇప్పుడు ఆ పడవ మీద చిన్నబాబు వేటకి వెళ్తానన్నాడు. అందుకే ఈ కొత్త మెకానిక్.

హనోకు రివెట్ల తలలు కోశాడు. ఉలితో మాటు పైకి లేపాడు. లోపల వేలితో తడిమి, అక్కడున్నదేదో ఊడదీసి అరచేతిలోకి తీసుకున్నాడు.

"పని శుభ్రంగానే చేశాడమ్మా. ఒక్క రివెట్టు కదల్లేదు."

"మరి చిల్లెలా పడింది?" అన్నాడు చిన్నబాబు.

"మధ్యలో ఎవరో రాగి పెట్టారండి. ఉప్పునీళ్ళలో రాగి తగిల్తే అల్యూమినియాన్ని చెదపురుగు తిన్నట్టు తినేస్తది. చూడండి, రాగి ఉన్నంత మేరా జల్లెడైపోయింది."

చిన్నబాబు ఊగిపోయాడు.

"అయితే కావాలనే పెట్టాడన్నమాట! అన్నయ్యని చంపేశాడొదినా! పద స్టేషన్‌కి. గుడివాడ నుంచి వాణ్ణి జీపులో ఈడ్చుకొస్తారు."

"కేసు పెట్టమ్మా. సాక్ష్యం మేం చెప్తాం" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. తిట్లు మొదలయ్యాయి. అబ్బులు పెళ్ళాం బిడ్డల్ని కూడా వదల్లేదు.

అందరూ నాంచారమ్మ వైపు తిరిగారు. అబ్బులు పేరెత్తితే చాలు నిప్పులు కక్కే మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది.

హనోకు అరచేతిలో చిలుము పట్టి, గీతలు చెరిగిపోయి ఉన్నది, ఆ రోజు అబ్బులు భోజనానికి వెళ్ళినప్పుడు, మొగుడు చల్లగా ఉండాలని, ఎవరి కంటా పడకుండా ఆమె తన చేత్తో ఆ మాటు కింద దోపిన గంగమ్మ రక్షరేకు.